బాగున్నా, బాగానే ఉన్నా

ఇంటర్వెల్ బెల్ మోగీ మోగకముందే బుల్లెట్ వరండాలోకి దూకింది. తొమ్మిదో తరగతిలో ఆ అమ్మాయిని అందరూ అలాగే పిలుస్తారు. అసలు పేరు హాజరు పట్టీలో మాత్రమే ఉంటుంది.

ఆ వారం కౌన్సెలర్ మేడమ్ ఒక ఆట పెట్టారు. ఎవరినైనా "ఎలా ఉన్నావు?" అని అడగాలి. చెప్పింది వినాలి. తర్వాత వాళ్లచేత కార్డు మీద సంతకం పెట్టించుకోవాలి. సంతకానికి ఒక పాయింటు. పిల్లలు మనసులో మాట చెప్పుకోవడం నేర్చుకుంటారని మేడమ్ ఆశ.

మన బుల్లెట్‌కి పాయింట్లు తప్ప ఇంకేమీ కనిపిస్తేగా!

"తాతా, ఎలా ఉన్నావు?"

"మోకాలు లాగేస్తోంది తల్లీ, నిన్న మెట్లెక్కుతూ..." అని వాచ్‌మన్ తాత మొదలుపెట్టాడు. ఆలోపే పెన్ను ఆయన చేతిలో పెట్టేసింది.

పక్క సీటు నేస్తం పిచ్చుక దగ్గరా అదే వరస. గొంతు చిన్నదని ఆ పేరు.

"ఎలా ఉన్నావే?"

"బాగానే ఉన్నా."

"అయితే సంతకం పెట్టు."

మధ్యాహ్నానికి ముప్పై ఒక్క పాయింట్లు. గాల్లో తేలుతూ క్లాసుకి వచ్చేసరికి పక్క సీటు ఖాళీ. పిచ్చుక సంచీతో సహా చివరి బెంచీకి మారిపోయింది. ఎందుకని అడిగితే తల తిప్పుకుంది. ఆరో తరగతి నుంచి వాళ్లది ఒకే బెంచీ. బుల్లెట్‌కి ఏడుపొచ్చేసింది.

ఏడుస్తూనే మేడమ్ గదికి వెళ్లింది. "నేనేం చేశాను మేడమ్? పొద్దున అడిగాను కూడా. బాగున్నా అంది."

"బాగున్నా అందా, బాగానే ఉన్నా అందా?"

బుల్లెట్ గుర్తు చేసుకుంది. "బాగానే..."

"ఆ 'నే' వెనకాల ఏముందో అడిగావా?"

అడగలేదు. సిగ్గుతో తల వంచుకుంది.

తిరిగొచ్చి చివరి బెంచీలో పిచ్చుక పక్కన కూర్చుంది. "బాగానే అంటే ఎలాగే?"

పిచ్చుక చాలాసేపు గోళ్లు గిల్లుకుంది. బుల్లెట్ తొందరపెట్టలేదు.

"అమ్మ ఆసుపత్రిలో ఉంది. నాలుగు రోజులైంది. పొద్దున నీకు చెబుదామనే నోరు తెరిచాను. నువ్వు సంతకం అన్నావు."

"తప్పయిందే."

పక్క వరస నుంచి ఎవరో కేకేశారు. "బుల్లెట్, ఇంకో రెండు నిమిషాల్లో కార్డులు ఇచ్చేయాలి!"

"మీరు ఇచ్చేయండి," అంది బుల్లెట్, అటు తిరగకుండానే. పిచ్చుక చెయ్యి పట్టుకుంది. "అమ్మకి ఏమైందో మొదటి నుంచి చెప్పు."