ఊరొచ్చింది, దిగమ్మా

నా నోట్లో మిగిలిన రెండు పళ్ల మీద ఒట్టు. ఇందులో ఒక్క మాట అబద్ధమైనా అవి రెండూ ఈ వక్కాకులోనే ఊడిపడనీ.

కుప్పంలో గంగులప్పని ఉండేవాడు. తెల్ల అంబాసిడర్ బాడుగకు తోలేవాడు. సెల్‌ఫోన్లు ఇంకా మన వైపు రాని రోజులు. ఒళ్లో నిండు చెంబు పెట్టుకుని కూర్చుంటే, మదనపల్లె దాకా చుక్క తొణికేది కాదు ఆ కారులో. అట్లాంటి కారుకు ఒక వానాకాలంలో ఒణుకు పట్టుకుంది. నిలబెట్టి ఇంజను ఎంత రేజ్ చేసినా నున్నగానే ఉండేది. గేరేసి యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం చలిజ్వరం మనిషిలా గడగడమనేది. కాలు తీస్తే ఊరకుండేది. అది పలమనేరు దాటిన పొద్దు అక్కడి పాలన్నీ క్యాన్లలోనే వెన్నయిపోయేవంటే నమ్ము.

ఊరికే అయితే గంగులప్ప అట్లే తోలుకునేవాడే. కానీ పుంగనూరులో అత్తగారింట్లో ఉన్న కూతురు జాహ్నవికి నెలలు నిండినాయి. కుదుపు తగిలితే బిడ్డకు ప్రమాదమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బస్సు వద్దు, నా కారులో పూలలో పెట్టుకుని తెస్తానని తండ్రి మాట ఇచ్చేశాడు. అందుకే ఆమెను తేవాల్సిన పొద్దు ముందుగా మదనపల్లెలో మెకానిక్ నూరుల్లా షెడ్డుకు పోయాడు.

నూరుల్లా ఇంజను మౌంటింగులు మార్చాడు. ప్లగ్గుల కథ డీజిలు బండికి లేదు కాబట్టి కింద దూరి, వెనక చక్రాలను తిప్పే షాఫ్టు జాయింట్లు విప్పి కొత్తవి వేశాడు. ఊరి చివరి దాకా తోలి చూశారు. అదే ఒణుకు. వెనక్కి వచ్చాక సాయిబు బండిని దూరంగా నిలబడి చూశాడు. వెనక ఎడమ పక్క కిందికి వంగి ఉంది. స్టెప్నీ తీసేశారు. డిక్కీలో గోనెసంచి కూడా వదల్లేదు. చివరికి సీటే ఊడబెరికి బయట పెట్టారు. అయినా ఆ పక్క బరువు మోసే కమాను పట్టీలు పైకి లేవలేదు.

నూరుల్లా గొంతు తగ్గించాడు. "బండిలో ఏం తప్పు లేదు గంగులప్పా. వెనక బరువుండాది. ఆ బరువుకు షాఫ్టు వాలు మారి, తొక్కితే కొట్టుకుంటాండాది."

"ఖాళీ బండి కదా భాయ్."

"నేనూ అదే అంటాండా. ఎవుర్ని ఎక్కించుకున్నావో, వాళ్లని దించుకో."

ఆ వానాకాలంలో గంగులప్ప మదనపల్లె ఆసుపత్రి నుంచి రంగనాయకమ్మనే ముసలామె శవాన్ని ఆ ఎడమ సీటులోనే తెచ్చాడు. పక్కన కూతురు ఆదిలక్ష్మమ్మ, తల్లి తల భుజాన ఆనించుకుని కూర్చుంది. మన పక్క పద్ధతి తెలుసు కదా. పోయినోళ్లను బండిలో తెస్తే వాకిట్లో ఆపి, తలుపు తీసి, "ఊరొచ్చింది, దిగమ్మా" అని తోలినోడు చెప్పాల. లేకపోతే ఒళ్లు దిగినా, మనిషి సీటులోనే కూర్చుని ఉంటుంది. గంగులప్ప పుంగనూరు రోడ్డు మలుపులోనే బండి ఆపేశాడు. ఊళ్లోకి మట్టిదారి. బురదలో చక్రాలు దిగబడతాయని, ఇంకో బాడుగ పోతుందని. వాకిలి దాకా రాప్పా అని ఆదిలక్ష్మమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఆమె మొహం చూడకుండా శవాన్ని తుంపరలో చాప మీద దించి, బండి తిప్పుకుని యాక్సిలరేటర్ తొక్కాడు.

మొదటిసారి బండి ఒణికింది అప్పుడే. ఆ సంగతి వానికి మొదట్నుంచీ తెలుసు. తెలిసే, ఎవరికీ చెప్పలేదు.

సీటు బిగించుకుని షెడ్డు నుంచి నేరుగా ఆ ఊరికే బయలుదేరాడు. మలుపు చేరేసరికి పొద్దు గూకుతోంది. మట్టిదారిలోకి దిగాడు. కారులో ఫినాయిల్ వాసన. దాని వెనకే వాడిపోయిన మల్లెపూల వాసన. అద్దంలోకి చూడలేదు. మెడ వెనక చల్లగా... ఎవరో ఊపిరి పీల్చుకున్నట్టు. ఆ ఊపిరి వదలనే లేదు...

రంగనాయకమ్మ వాకిట్లో ఆపాడు. దిగాడు. వెనక తలుపు తీశాడు.

సీటు ఖాళీ.

"ఊరొచ్చింది..." సీటు కేసి వంగి చేతులు జోడించాడు. "ఊరొచ్చింది, దిగమ్మా. తప్పైపోయింది. దిగు తల్లీ."

కిర్ర్ మంది. పట్టీలు మెల్లగా లేచాయి. బండి సమానంగా నిలబడింది. అరుగు మీది కుక్క తోక ముడుచుకుని దారి ఇచ్చింది... దేనికో.

ఆదిలక్ష్మమ్మ దీపం పట్టుకుని వచ్చింది. గంగులప్ప ఆమె కాళ్ల మీద పడినంత పని చేసి, మీ అమ్మను వాకిట్లో దించేశానని చెప్పాడు. ఆమె దీపం ఎత్తి వాని మొహం చూసింది.

"మా అమ్మ ఆ పొద్దే దిగిందప్పా. నువ్వు పోతానే మలుపులో నేనే పిలిచి, ఇంటికి తెచ్చుకున్నా. కన్నకూతురు పిలిస్తే రాదా?"

దీపం ఇంట్లోకి తిప్పింది. గొంతు గుసగుసైంది.

"మరి ఇప్పుడు లోపలికి పోయిందెవరు?"

చీకటని, బురదని, బాడుగ పోతుందని ఎన్ని మలుపుల్లో ఎంతమంది పోయినోళ్లను వదిలేశాడో గంగులప్పకే గుర్తు లేదు. ఆ రాత్రి జాహ్నవిని పుంగనూరు నుంచి కుప్పానికి తెచ్చాడు. చెంబు తొణకలేదు. బిడ్డ పెద్ద గుమ్మడికాయంత పుట్టింది. కానీ వాడు మాత్రం బతికినంతకాలం ఖాళీ బండి ఆపినా వెనక తలుపు తీసి ఆ మాట చెప్పేవాడు. ఆదిలక్ష్మమ్మ ఇంట్లో ఇప్పటికీ అన్నానికి కూర్చుంటే ఒక ఆకు ఎక్కువ వేస్తారంట.

సరే, లేయ్. పొద్దున సంతకు నీ కారులో వచ్చినాను కదా, నా వక్కాకు సంచి వెనక సీటులోనే మరిచినాను. పోయి తెచ్చిపెట్టు. తలుపు తీసినాక ఆ మాట చెప్పు... ఖాళీగా కనిపించినా చెప్పు. నువ్వొచ్చినప్పటి నుంచీ కిటికీలోంచి చూస్తానే ఉండా. నీ కారు ఎడమ పక్కకు వంగి ఉండాది.