పేరు పోయిన మడుగు

ల్యూయిస్ దీవిలో ఆ కూలిన గుడిసె ఊసెత్తితే చాలు, ఇప్పటికీ మాట మార్చేస్తారు. ఒకప్పుడు వేసవిలో ఆవుల్ని తోలుకెళ్లి ఆడపిల్లలు అక్కడే మకాం వేసేవారట. ఇప్పుడున్నవి మొండి గోడలు, చుట్టూ బురదనేల. చీకటి పడితే లోపల ఎవరో గొణుగుతారు… ఆగి ఆగి, ఎవర్నో పిలుస్తున్నట్టు.

ఊరికి కొత్తగా వచ్చిన కిర్స్టీ దెయ్యం కోసం రాలేదు. ఆ నేలలో ప్రతి గుట్టకూ, ప్రతి మడుగుకూ దీవి పాత భాష గేలిక్‌లో పేరుంది. అవి తెలిసినవాడు టోర్మొడ్ తాత ఒక్కడే మిగిలాడు. ఆయన నోట ఆ పేర్లూ అర్థాలూ రికార్డు చేసుకోవాలని ఆమె ఆరాటం. ఆయన పోతే ఇక అంతే సంగతులు.

తాతేమో పొయ్యి దగ్గర కూర్చుని నోరు విప్పడు.

"ఇంట్లో గుర్తుకు రావమ్మాయ్."

"మరెక్కడ వస్తాయి తాతా?"

ఆయన పొయ్యిలో మంట ఎగదోశాడు.

విసిగిపోయి, తనే ఆ గుడిసె చూసొస్తానంది కిర్స్టీ. దుకాణం డొలీనా పకపకా నవ్వింది. "వెళ్తే వెళ్లు గానీ గేలిక్‌లో మాట్లాడు. ఆ దెయ్యానికి ఇంగ్లీషు ముక్క రాదట!"

నవ్వింది గానీ, ఆవిడకు గేలిక్ ముక్క రాదు.

చలికాలం, నాలుగింటికే చీకటి. గాలి చెవులు కోసేస్తోంది. కిర్స్టీ రికార్డరు నొక్కి గోడ దాకా వచ్చింది. లోపల… గొంతు, గేలిక్‌లో.

"ఆవుల రేవు…"

కిర్స్టీ చెవులు రిక్కించింది.

"ఉతుకుడు బండ… గద్ద గుట్ట…"

గుండె ఝల్లుమంది. అంతలోనే నవ్వొచ్చింది — టోర్మొడ్ తాత! పాలు పితికే వేళకు వాళ్లక్క ఈ గుమ్మంలోనే నిలబడి, మేత మేసే చోట్ల పేర్లు వరసగా చెప్పి ఆవుల్ని పిలిచేదని ఊళ్లో విన్నది. ఆ గుమ్మంలో, ఆ వరసలో తప్ప ఆయనకు పేర్లు రావన్నమాట. ఊరు ఇన్నాళ్లూ హడలి చచ్చింది తన పూర్వీకుల భాషకే!

గద్ద గుట్ట దగ్గర తాత ఆగిపోయాడు. మళ్లీ మొదట్నుంచి. మళ్లీ అక్కడే…

కిర్స్టీ ఉండబట్టలేకపోయింది. చీకట్లోంచి గేలిక్‌లో అడిగేసింది. "తర్వాత, తాతా?"

కెవ్వున కేక! ఆయన ఆమెను తోసుకుంటూ పరుగెత్తాడు.

మర్నాడు వెళ్లి బతిమాలింది. "అది నేనే తాతా. దెయ్యమనుకున్నారా?"

"నీ గొంతు నాకు తెలీదా?" తాత గుసగుసగా అన్నాడు. "నువ్వు 'తర్వాత' అన్నావు… నీ వెనకనుంచి మా అక్క చెప్పింది."

"ఏం చెప్పింది?"

"మడుగు పేరు. అక్క అందులోనే మునిగిపోయింది. మనిషిని మింగిన చోటిని మేం పేరు పెట్టి పిలవం. అమ్మ ఇంట్లో పలకనివ్వలేదు. మర్చేపోయాను… నిన్నటిదాకా."

రికార్డరులో ఆమె 'తర్వాత' వెనక గాలి హోరు తప్ప ఏమీ లేదు. కిర్స్టీ ఆయన చేతులు పట్టుకుంది. "ఒక్కసారి చెప్పండి. మీ తర్వాత ఎవరికీ తెలీదు."

"తెలియకూడదు."

తాత మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. మిగతా పేర్లూ ఆయన నోటికి రాలేదు. వేసవి రాకముందే పోయాడు. కిర్స్టీ ఎన్ని సాయంత్రాలు అక్కడ కూర్చుందో! గాలి తప్ప ఏదీ పలకలేదు. ఏడ్చి ఏడ్చి, ఆఖరికి పెట్టె సర్దుకుంది.

బస్సెక్కబోతుంటే డొలీనా పరుగున వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నిన్న చీకట్లో గుడిసె పక్కగా వచ్చాను… లోపల ఆడగొంతు. ఒకటే మాట… మళ్లీ మళ్లీ అదే మాట…"

కిర్స్టీ ఆవిడ భుజాలు పట్టి ఊపేసింది. "ఏ మాట? ఏమంది?"

"ఏమో తల్లీ…" డొలీనా తల అడ్డంగా ఊపింది. "నాకు గేలిక్ రాదుగా."