మాట్లాడే ఫ్యాన్

రాత్రంతా నడవాల్సిన కంప్యూటరు చచ్చి పడి ఉంది. సీపీయూ రేకు మీద చెయ్యి వేస్తే పెనంలా చురుక్కుమంది.

కోడలు నోట్లో బ్రష్షుతోనే బల్ల ముందు కూలబడింది. స్విచ్చు నొక్కింది. చిన్న దీపం వెలిగి, తటపటాయించి, ఆరిపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే. రాత్రి పడుకోబోయే ముందు తెర మీద తాబేలు అలల్లో హాయిగా ఈదుతూ ఉంది. ఆ తాబేలు కథే ఆమెకు మళ్ళీ దొరికిన పని. పెళ్ళయ్యాక వదిలేసిన యానిమేషన్‌ని ఇన్నేళ్ళకి ఇంట్లో కూర్చుని మొదలుపెట్టింది. గీసిన బొమ్మలన్నీ కలిసి వీడియోగా తయారవడానికి కంప్యూటరుకి ఒక రాత్రంతా పడుతుంది. ఆఖరి దృశ్యం ఈ మధ్యాహ్నానికి స్టూడియోలో ఉండాలి. బాగుంటే తర్వాతి సినిమా మొత్తం ఆమె చేతిలో పెడతామన్నారు. ఆలస్యమైతే ఏం చేస్తారో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

"ఏమండీ!"

భర్త వంటింట్లోంచి కాఫీ కప్పుతో వచ్చాడు. తన కళ్ళద్దాల షాపుకి బయల్దేరే హడావిడిలో ఉన్నాడు.

"పొద్దున్నే ఆ కేకేంటి? బల్లి గానీ పడిందా?"

"కంప్యూటరు ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో కూడా తెలీదు."

"అదా సంగతి! ఇల్లు ఇంత ప్రశాంతంగా ఉందేమిటా అనుకుంటున్నా."

ఆ మాట అతను అనకుండా ఉండాల్సింది. కోడలు బ్రష్షు తీసి బల్ల మీద పెట్టింది. అతని ముఖం వంక చూసింది. ఫోను తీసి మరిదికి కొట్టింది.

మరిదిని ఇంట్లో అందరూ చిన్నోడనే పిలుస్తారు. రెండు వీధుల అవతల కంప్యూటర్లు బాగుచేసే షాపు అతనిది. ఈ మిషను పనిచేస్తూ చేస్తూ వేడెక్కి ఆగిపోతోందని వదిన చెబితే, కిందటివారమే వచ్చి మూడు ఫ్యాన్లు అదనంగా బిగించాడు. ముందువైపు రెండు, చల్లగాలి లోపలికి లాగడానికి. వెనక ఒకటి, వేడిగాలి బయటికి నెట్టడానికి. అవి తిరగడం మొదలెట్టాక మిషను ఆగలేదు. కాకపోతే బల్ల ఉన్నది హాల్లో ఒక మూల, అత్తమామల గదిని ఆనుకుని. మధ్యలో అడ్డు పలచటి చెక్క గోడ. రాత్రిళ్ళు పని ఎక్కువై ఫ్యాన్లు ఊపందుకుంటే ఇల్లంతా హోరుమనేది.

చిన్నోడు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని ఊడిపడ్డాడు.

"వదినా, నేను పెట్టిన ఫ్యాన్లు ఉండగా ఇది వేడెక్కిందంటే షాపు మూసేసి మీ ఇంట్లో గిన్నెలు తోముతా."

"ముందు తెరువు. గిన్నెలు ఎక్కడికీ పోవు."

పక్క రేకు లాగి లోపలికి టార్చి కొట్టాడు. అతని నవ్వు అక్కడే ఆగిపోయింది.

"వదినా... ఈ వైర్లు ఎవరు పీకారు?"

హాల్లో పడక్కుర్చీలో మామగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. ఈ మధ్య ఆయనకి పగలంతా కునుకే. అత్తయ్య ఇంకా గదిలో నిద్ర లేవనే లేదు. ఆవిడదీ అదే వరస. వయసు మీద పడిందని ఎవరూ పట్టించుకోలేదు.

"వాటంతట అవే ఊడి ఉంటాయిలేరా," అన్నాడు భర్త.

"ఊడితే వేలాడతాయి అన్నయ్యా. ఇవి చూడు. మెల్లగా లాగి, చుట్ట చుట్టి, పక్కకి దోపారు. ముందున్న రెండు ఫ్యాన్ల వైర్లూ పీకేశారు. వెనకదాన్ని మాత్రం వదిలేశారు. అదీ చిత్రం!"

"ఏం చిత్రం?" కోడలు ముందుకి వంగి చూసింది.

చిన్నోడు బోర్డు మీద ఒక మూల చూపించాడు. "ఇక్కడ ఫ్యాను పెట్టుకోవడానికి ఖాళీ చోటు ఒక్కటే ఉంది. అందుకే మూడు పాయల వైరు వేశాను. కరెంటు మూడింటికీ వెళ్తుంది. కానీ ఎంత వేగంగా తిరుగుతున్నానో బోర్డుకి తిరిగి చెప్పే తీగ వెనకదానికి ఒక్కదానికే ఉంటుంది. ఆ రోజు చెప్పాను కదా, ఈ ఒక్కటే మాట్లాడుతుంది, మిగతా రెండూ మూగవి అని? ఆ మాట్లాడేదాన్ని ఉంచి మూగవాటిని పీకారు. దాంతో బోర్డు మూడూ తిరుగుతున్నాయనుకుంది. నీ తెర మీద కూడా అంతా సవ్యంగానే కనిపించి ఉంటుంది. లోపల మాత్రం ఉడికిపోయింది. ఇక భరించలేక తనే ఆగిపోయింది."

"అంటే పీకినవాళ్ళకి ఏది ఉంచాలో తెలుసు," అంది కోడలు.

"తెలుసు," అన్నాడు చిన్నోడు. అనేశాక ఆ మాట ఎక్కడికి పోతుందో అర్థమై నాలిక కరుచుకున్నాడు.

కోడలు భర్త వైపు తిరిగింది. ఆ రోజు టార్చి పట్టుకుని చిన్నోడి పక్కన నిలబడింది అతనే.

"నన్నెందుకలా చూస్తావు?"

"ఇల్లా, పిండిమరా అని రోజూ ఎవరన్నారు?"

"అన్నాను. అంటే పీకుతానా?"

"నేను మళ్ళీ పనిలో పడటం మీకు ఇష్టం లేదు. ఇష్టం లేదని ఒక్కసారి కూడా చెప్పలేదు. మూతి ముడిచారు, తలుపులు వేశారు, తలనొప్పి అన్నారు. చివరికి ఇదీ!"

భర్త కప్పు బల్ల మీద పెట్టాడు. కాఫీ తొణికింది.

"సరే, విను. ఇష్టం లేదు. నిజమే. నువ్వు ఆ తెర ముందు కూర్చుంటే నేనింట్లో ఉన్నానో లేనో నీకు పట్టదు. అది నాకు కష్టంగా ఉంది. కానీ నీ పని చెడగొట్టేంత నీచుణ్ణా నేను? ఇన్నేళ్ళ కాపురంలో నన్ను అర్థం చేసుకున్నది ఇంతేనా?"

"తెలీదు. ఈ ఇంట్లో నాకేం తెలుసో నాకే తెలీడం లేదు. బల్లా మిషనూ తీసుకుని మా అక్క వాళ్ళింటికి పోతాను. అక్కడ ఎవరూ వైర్లు పీకరు."

"వదినా, ఒక్క నిమిషం," చిన్నోడు మధ్యలోకి వచ్చాడు. "ముందు స్టూడియోకి ఫోను చెయ్యి. నువ్వు గీసిందంతా భద్రంగా ఉంటుంది, అది నా పూచీ. చల్లారాక లేస్తుంది. పోయింది రాత్రి తయారవ్వాల్సిన వీడియో ఒక్కటే."

ఆమె పెరట్లోకి వెళ్ళి మాట్లాడింది. లోపల అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మామగారు కళ్ళు తెరిచారు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నారు. పాతకాలంలో ఆయన టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటరు. గొంతు వింటే మనిషి మూడ్ చెప్పేసేవారు. ఇప్పుడు పెరటి తలుపు అవతల కోడలి గొంతు ఎలా వణుకుతోందో ఆ ఇంట్లో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు.

ఆమె తిరిగి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రేపు పొద్దున్నకి ఇవ్వమన్నారు. ఆ తర్వాత అక్కర్లేదన్నారు."

"చాలు!" చిన్నోడు చేతులు రుద్దుకున్నాడు. "ఇప్పుడే ఫ్యాన్లు కలుపుతా. వేగం నేనే మార్చేస్తా. ఇదివరకు వేడిని బట్టి పెరిగేలా పెట్టాను, ఈసారి సాయంత్రం నుంచి తెల్లారేదాకా మూడూ ఫుల్లుగా తిరుగుతాయి. పక్క రేకుకి స్క్రూలు బిగించేస్తా. ఎవడు పీకుతాడో చూద్దాం."

"రాత్రంతానా?"

అడిగింది మామగారు. అందరూ తల తిప్పారు.

"రాత్రంతా నాన్నా. మీరు చెవుల్లో దూది పెట్టుకోండి."

"రాత్రి వద్దురా. పగలు నడిపించుకోండి."

"పగలు చాలదు నాన్నా. మొదలెట్టేసరికే సగం రోజు పోతుంది."

ముసలాయన లేచారు. గది తలుపు దాకా వెళ్ళి, లోపల పడుకున్న భార్యని ఓసారి చూసి, తలుపు దగ్గరగా వేశారు. వెనక్కి వచ్చి కోడలి ముందు నిలబడ్డారు.

"వాణ్ణి ఏమీ అనకమ్మా. నేనే పీకాను."

ముందు చిన్నోడే తేరుకున్నాడు.

"మీరా? మరి ఆ మాట్లాడేదాన్ని..."

"నువ్వు చెప్పావు కదరా, అది మాట్లాడుతుందని. ఎక్స్‌చేంజిలో చేరిన రోజే మాకు నేర్పించారు, ఏ వైరైనా తియ్యి గానీ మాట్లాడుతున్న లైను మాత్రం తీయకు అని. చేతికి అదే అలవాటు. దాని జోలికి పోలేదు. మూగవన్నావుగా, ఆ రెండూ ఖాళీ లైన్లే అనుకున్నా. తీసి పక్కన పెట్టాను. దేనికైనా ఇబ్బందైతే ఆ మాట్లాడేదే చెబుతుందిలే అనుకున్నా."

"ఎందుకు మామయ్యా?" కోడలు అంది. "సౌండు ఎక్కువగా ఉందని ఒక్క మాట అంటే బల్ల మేడ మీద పెట్టుకునేదాన్ని కదా!"

"సౌండు కాదమ్మా. మీ అత్తయ్యకి నిద్రలో ఊపిరి ఆగిపోతోంది."

భర్త గోడకి జారగిలబడ్డాడు.

"గురక పెడుతూ పెడుతూ ఆగిపోతుంది. కాసేపు ఏమీ ఉండదు. మళ్ళీ ఉలిక్కిపడి పీల్చుకుంటుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఒక రాత్రి ఆసుపత్రిలో పడుకోబెట్టి పరీక్ష చెయ్యాలన్నాడు, ఆ తర్వాత ముక్కుకి మిషను పెట్టుకోవాలన్నాడు. ఆవిడ వినదే! 'కోడలి పని అయ్యేదాకా నోరెత్తావంటే నా మీద ఒట్టే. తెలిస్తే అది పని మానేసి నా మంచం పక్కన కూర్చుంటుంది' అంది. నువ్వు మళ్ళీ బొమ్మలు గీస్తున్నావని ఆవిడకెంత గర్వమో నీకు తెలీదు."

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భర్త ఆమె పక్కకి వచ్చాడు. ఆమె అతని చొక్కా చేతిని పట్టుకుంది. క్షమించమని నోటితో అడగలేదు. అతనూ అడగనివ్వలేదు.

చిన్నోడు అప్పటికే గోడ ప్లగ్గులోంచి వైరు లాగి మిషను చంకనెత్తుకున్నాడు. "దీన్ని షాపుకి తీసుకెళ్తున్నా వదినా. రాత్రంతా అక్కడే అరుచుకోనీ. కాపలా నేనుంటా. మీరు అమ్మని లేపి ఆసుపత్రికి బయల్దేరండి."

"ఒట్టు తప్పానని నన్ను చంపేస్తుంది," అన్నారు మామగారు.

"మేం అడ్డం ఉంటాంలే మామయ్యా." కోడలు ఆయన చెయ్యి పట్టి కుర్చీలో కూర్చోబెట్టి, తను నేల మీద కూర్చుంది. "కానీ మీరు రాత్రంతా మేలుకుని ఆవిడ పక్కనే కూర్చుంటే సరిపోయేది కదా? పీకడం ఎందుకు?"

ఆయన తన అరిచేతుల వంక చూసుకున్నారు.

"మొదట్లో అలాగే కూర్చున్నానమ్మా. కానీ ముసలాణ్ణి, నిద్ర ఆగదు. నాకు గురక వినపడితే నిద్రపడుతుంది. గురక ఆగితే మెలకువ వస్తుంది. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుందే, ఆ నిశ్శబ్దం నన్ను తట్టి లేపుతుంది. లేచి ఆవిడ భుజం కదుపుతాను. ఇన్నాళ్ళూ అలాగే నెట్టుకొచ్చాను. ఆ ఫ్యాన్లు వచ్చాక ఇంట్లో నిశ్శబ్దమే లేకుండా పోయింది. మొన్న దాహం వేసి లేచాను గనక చూశాను. ఆవిడ పెదాలు నల్లబడి ఉన్నాయి. ఎంతసేపయిందో నాకు తెలీదు. దాహం వెయ్యకపోతే నేనలా పడుకునే ఉండేవాణ్ణి. అందుకే నిన్న మీరు పడుకున్నాక రేకు తీశాను. ఆ రెండూ ఆగాక హోరు తగ్గి, ఆవిడ గురక మళ్ళీ వినపడింది. తెల్లారేలోపు మళ్ళీ కలిపేద్దామనుకున్నా, నిద్ర పట్టేసింది. నీ రాత్రి పాడుచేశానమ్మా, తప్పు నాదే. కానీ ఎన్నిసార్లు గురక ఆగిందో అన్నిసార్లూ లేచాను. ఒక్కసారి కూడా మిస్సవలేదు."