రేపు మొదటి పని మీదే

ఉదయం పదకొండయ్యేసరికి వకుళ ముందుకు ముప్ఫై ఒకటో గుర్తు వచ్చింది. ఎవరో కొబ్బరినూనె డబ్బా మీద వేసుకోదలచిన నెమలి. తెర మీద అది అరక్షణం మెరిసి మాయమైంది. వెంటనే, ఇదివరకే నమోదైన మరో నెమలి మెరిసింది. ఆమె నుదుటికి కట్టుకున్న స్ఫురణపట్టీ సన్నగా వెచ్చబడింది. 'పోలిక అరవై ఎనిమిది పాళ్లు' అని బల్ల అంచున అంకె పడింది. యాభై దాటితే తిరస్కారం. వకుళ సంతకం చేసి, ముప్ఫై రెండో గుర్తు కోసం కళ్లు ఎత్తింది.

విశాఖపట్నంలోని చిహ్న న్యాయ కార్యాలయంలో ఆమె ప్రభుత్వ న్యాయవాది. రెండు పట్టాలు చదువుకున్న మనిషిని జీతమిచ్చి కూర్చోబెట్టింది ఆలోచించడానికి కాదు. ఆలోచన మొదలు కాకముందు ఆమె బుర్రకు ఏమనిపిస్తుందో కొలవడానికి.

దీని వెనక పెద్ద రభసే జరిగింది. ఒకప్పుడు గుర్తులను యంత్రాలే పోల్చేవి. వాటి కళ్లకు ఏ రెండు నెమళ్లూ ఒకటి కావు. ఈకలో గీత తేడా ఉన్నా వేరే నెమలి అనేవి. దాంతో బజారంతా దొంగ నెమళ్లతో నిండిపోయింది. బజారుకు వెళ్లేది యంత్రం కాదు కదా, సంచీ పట్టుకున్న మామూలు మనిషి కదా అని న్యాయస్థానం మందలించింది. చట్టం చెప్పేది కూడా సామాన్య జ్ఞాపకశక్తి ఉన్న కొనుగోలుదారు గురించే. అందుకని అచ్చంగా అలాంటి మనిషిని వెతికి, నుదుటికి పట్టీ కట్టి కూర్చోబెట్టాలని నిర్ణయించారు.

ఆ సామాన్యులుగా ఎంపిక కావడం మాత్రం సామాన్యమైన పని కాదు. వకుళ మూడుసార్లు దరఖాస్తు పెట్టింది. చట్టం పరీక్షలో ప్రతిసారీ మొదటి పదిమందిలో ఉండేది. చివర్లో నలభై బొమ్మలు చూపించి, గంట తర్వాత ఎన్ని గుర్తున్నాయని అడిగేవారు. ఎనిమిదికి తగ్గకూడదు, పద్నాలుగుకు మించకూడదు. మొదటిసారి ఆమెకు ముప్ఫై ఒకటి గుర్తున్నాయి. రెండోసారి ఇరవై రెండు. 'అతిస్మృతి కారణంగా అనర్హురాలు' అని ఉత్తరం వచ్చింది. చివరికి ద్వారకానగర్‌లో మరుపు నేర్పే కోచింగ్ సెంటర్‌లో చేరింది. బొమ్మ చూస్తున్నంతసేపూ పదిహేడో ఎక్కం లోలోపల అప్పజెప్పుకోమన్నారు. ఆరునెలల తర్వాత పదమూడు బొమ్మలకు దిగింది, ఉద్యోగం వచ్చింది. ప్రైవేటు సంస్థలన్నీ లాయర్లను ఇళ్లకు పంపేసిన కాలంలో అది దొరకడమే అదృష్టమని చుట్టుపక్కల అందరూ అన్నారు, ఆమె కూడా అనుకుంది.

చేరాక తెలిసింది అసలు సంగతి. రోజుకు వంద గుర్తులు చూసే మనిషి ఎన్నాళ్లు సామాన్యంగా ఉంటుంది? అందుకే సాయంత్రం నాలుగున్నరకు మరుపు గదిలో ఇరవై నిమిషాల తుడుపు ఉంటుంది. అక్కడి పట్టీ కట్టుకుంటే ఆ రోజు చూసిన గుర్తులు చెరిగిపోతాయి. గుర్తుతో పాటు దానికి అంటుకున్న ముఖాలూ మాటలూ కూడా పోతాయి. చట్టం, ఇంటి దారి, తోటి ఉద్యోగులు మిగులుతారు. నిన్నటి కాగితం ఈ రోజు బల్ల మీద ఉండకూడదు, నిన్నటి సంగతి ఎవరూ గుర్తు చేయకూడదు అన్నవి నియమాలు. ఏ పూర్వాభిప్రాయమూ లేని న్యాయం కోసమట.

అంతా బాగానే ఉంది గానీ, ఈ మధ్య వకుళకు సాయంత్రాలు నిలకడ ఉండటం లేదు. బస్సెక్కితే పొయ్యి మీద పాలు పెట్టి వచ్చేసినట్టు గుండె కొట్టుకునేది. ఇంటికి వెళితే పొయ్యి ఆరిపోయే ఉండేది. తలుపు గడియ రెండుసార్లు చూసుకునేది, సంచీ బోర్లించి వెతికేది. దేనికోసమో తెలిసేది కాదు. కార్యాలయం డాక్టరు దానికి 'సాయంకాలపు అలజడి' అని పేరు పెట్టి మాత్రలిచ్చాడు. మరో పదకొండు రోజుల్లో ఉద్యోగం ఖాయమయ్యే ఉత్తర్వు రావాలి. ఆ తర్వాత అన్నీ సర్దుకుంటాయని ఆమె తనకు తనే చెప్పుకునేది.

మూడు గంటలకు విన్నపాల వేళ. రికార్డులు చూసే పైడిరాజు తలుపు తీసి ఒక ముసలామెను లోపలికి పంపాడు. అరవై ఐదేళ్లుంటాయి. ఆమె కుర్చీలో కుదురుగా కూర్చుని, చేతిలోని రేకు డబ్బాను బల్ల మీద పెట్టింది. మూత మీద పడవ ముక్కున కూర్చున్న పీత బొమ్మ ఉంది.

"నా పేరు మైలపల్లి నూకాలమ్మా. మాది భీమిలి. ఎండు రొయ్యపప్పు అమ్ముకుంతాను. ఈ బొమ్మ నాది కాదని కాయితం వొచ్చీసింది. ఒకటో తారీకు నుంచి డబ్బాలు అమ్మకూడదంట."

వకుళ వివరాలు చూసింది. అల మీద పీత ఉన్న గుర్తును ఒక పెద్ద కంపెనీ మూడేళ్ల కిందట నమోదు చేసుకుంది. పోలిక డెబ్భై ఒక్క పాళ్లు.

"మీరెన్నాళ్ల నుంచి వాడుతున్నారు, పెద్దమ్మా?"

"పదిహేనేళ్ళు దాటింది తల్లీ. మా ఎర్రయ్య గీసాడు. తొమ్మిదేళ్ళ గుంటడప్పుడు ఆళ్ళ నాన్నతో ఏటకెల్లాడు. వల్లోంచి పీతొకటి జారి పడవ ముక్కు మీదకెక్కీసింది. ఆయన తోసీబోతే ఈడు ఒప్పుకోనేదు. ఒడ్డుకొచ్చీదాకా అది అలగే దొరలాగ కూకుందంట. ఇంటికొచ్చి బొగ్గుముక్కతో తలుపు మీద గీసీసాడు. పెద్దోడయ్యాక నా డబ్బాల మీదా అదే బొమ్మేసాడు."

ఆమె చెబుతుంటే వకుళకు నవ్వొచ్చింది. ఆ పీత దర్జా కళ్లకు కట్టింది. "మీ అబ్బాయి ఇప్పుడేం చేస్తున్నాడు?" అని అడిగింది.

నూకాలు డబ్బా మూతను కొంగుతో తుడిచింది.

"ఎనిమిదేళ్ళయ్యింది. తుపానుకి ముందురోజు ఎల్లాడు. పడవ దొరికింది. ఈడు దొరకనేదు."

వకుళ కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని దాచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు. చట్టంలో దారి ఉంది. పోలిక ఎంత ఉన్నా, ముందు నుంచీ వాడుతున్నవారికి న్యాయవాది మినహాయింపు రాయవచ్చు. పాత సంత రసీదులు తెప్పించుకుని ఒక పూట కూర్చుంటే చాలు. ఇప్పటికి నాలుగైంది. అరగంటలో తుడుపు ఉందన్న సంగతి ఆ జాలిలో ఆమెకు గుర్తే రాలేదు.

"మీరు దిగులు పడకండి పెద్దమ్మా. రేపు మొదటి పని మీదే."

"అలగే తల్లీ," అని నూకాలు లేచింది. వెళుతూ వకుళ చెయ్యి ఒకసారి తట్టింది.

ఆమె వెళ్లగానే వకుళ పైడిరాజును పిలిచింది. "భీమిలి సంత రసీదులు, పదిహేనేళ్లవి, పొద్దుటికల్లా తెప్పించండి."

పైడిరాజు కదల్లేదు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో పై అధికారి మాటకు ఎదురు చెప్పని మనిషి. గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఏమైందండీ?"

"రసీదులు నా బీరువాలోనే ఉన్నాయండి మేడమ్ గారూ. పద్దెనిమిది సార్లు తెచ్చాను. పొద్దున్న మీరు అడగరు. అడక్కుండా నేను ఇవ్వకూడదు. మళ్లీ తీసుకెళ్లి పెట్టేస్తాను." అతని గొంతు తగ్గింది. "చెప్పకూడదండి. చెప్తే నా ఉజ్జోగం పోద్ది. కానీ నాకింక చూడబుద్ది కావట్లేదు. ఆవిడ పందొమ్మిది రోజుల నుంచి వస్తన్నాది. మీరు రోజూ నవ్వుతారు, రోజూ ఏడుస్తారు, రోజూ రేపంటారు."

వకుళ కుర్చీలోంచి లేచింది. తన నోటితో తను అన్న మాట, తనకు తెలియకుండా పందొమ్మిది సార్లు! ఆ ముసలామె భీమిలి నుంచి బస్సెక్కి వచ్చి, అదే మాట పట్టుకుని వెళ్లింది. సాయంత్రాలు తను బస్సులో దేన్ని వెతుక్కుంటోందో అప్పుడు తెలిసింది. యంత్రం బొమ్మను తుడిచింది, మనిషిని తుడిచింది. ఇచ్చిన మాట తాలూకు గుబులు దానికి చిక్కలేదు. ఆమెకు సిగ్గేసింది, ఆ వెంటనే పట్టరాని కోపం వచ్చింది.

నాలుగున్నరకు మరుపు గదిలోకి వెళ్లింది. పట్టీని ఒడిలో పెట్టుకుని ఇరవై నిమిషాలు గోడనే చూస్తూ కూర్చుంది. రేపు పొద్దున స్ఫురణపట్టీ కట్టగానే శేషస్మృతి, అంటే చెరగకుండా మిగిలిన జ్ఞాపకం, బయటపడి ఉద్యోగం పోతుందని ఆమెకు తెలుసు. మూడుసార్లు పెట్టిన దరఖాస్తు గుర్తొచ్చింది, పదిహేడో ఎక్కం గుర్తొచ్చింది, పదకొండు రోజులు గుర్తొచ్చాయి. రెండుసార్లు చెయ్యి పట్టీ మీదికి వెళ్లి వెనక్కి వచ్చింది. బజర్ మోగాక లేచి బయటికి నడిచింది. ఆ సాయంత్రం బస్సులో ఆమె దేన్నీ వెతకలేదు.

మర్నాడు ఏడున్నరకే వచ్చి రసీదులు అడిగింది. పైడిరాజు కట్ట తెచ్చి పెట్టాడు. నూకాలు వేలిముద్రలు, రసీదుల మీద పీత ముద్ర, పదిహేనేళ్ల తేదీలు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. వకుళ మూడు పేజీల మినహాయింపు రాసి, సంతకం చేసి, ముద్రకు పంపింది. నమోదు పత్రం తయారై బల్ల మీదికి వచ్చింది. అప్పుడు స్ఫురణపట్టీ కట్టుకుంది. అది భగ్గున వేడెక్కింది.

ముఖ్యాధికారి విష్ణుభట్ల గారు కేకలు వేసే మనిషి కాదు. ఆమెను కూర్చోమన్నారు.

"నిన్న తుడుపు జరగలేదా?"

"లేదండీ."

"కారణం?"

"ఒకరికి మాట ఇచ్చానండీ. పందొమ్మిది సార్లు."

ఆయన కాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "మాట ఇచ్చే అధికారం మన ఉద్యోగానికి లేదమ్మా. తీర్పు చెప్పే అధికారమే ఉంది. మీరు రాసిన ఉత్తర్వు చట్టప్రకారమే ఉంది. పట్టీ కట్టకముందే సంతకమైంది కాబట్టి అది నిలుస్తుంది. మీరు మాత్రం ఇంక సామాన్యులు కారు. ఈ క్షణం నుంచి మీ సంతకానికి విలువ లేదు. రేపటి నుంచి వేరొకరు వస్తారు."

వకుళ తల ఊపింది. బాధ ఉంది, చాలా ఉంది. అయినా ఈ మధ్యకాలంలో మొదటిసారి ఆమె మనసు ఒకచోట కుదురుగా ఉంది. మూడు గంటల దాకా వరండాలో బెంచీ మీదే కూర్చుంది, పత్రం చేతిలో పెట్టుకుని. నూకాలు ముఖం ఎలా వెలుగుతుందో ఊహించుకుంటూ కూర్చుంది.

నూకాలు వేళకు వచ్చింది. వకుళను వరండాలో చూసి కొంచెం తడబడినా, పక్కనే కుదురుగా కూర్చుని డబ్బా ఒళ్లో పెట్టుకుంది.

"నా పేరు మైలపల్లి నూకాలమ్మా. మాది..."

"తెలుసు పెద్దమ్మా," అంది వకుళ ఆత్రంగా. "భీమిలి. పీత దొరలా కూర్చుంది. ఎర్రయ్య గీశాడు. అన్నీ గుర్తున్నాయి. ఇదిగో, మీ పని అయిపోయింది. ఈ బొమ్మ ఇంక మీదే."

నూకాలు పత్రం వైపు చూడలేదు. వకుళ ముఖంలోకే చూసింది. ఆమె ముఖంలో ఏ వెలుగూ రాలేదు. ఉన్నది కూడా మెల్లగా తగ్గిపోయింది.

"గుర్తుండిపోయిందేటి తల్లీ?"

"మీకోసమే గుర్తుంచుకున్నాను. ఇన్ని రోజులు మిమ్మల్ని తిప్పించాను. క్షమించండి."

"నన్నెవులూ తిప్పనేదు. నువ్వు మర్సిపోతావని రెండోరోజే ఆ పైడిరాజు బాబు సెప్పీసాడు. తెలిసే వొచ్చాను." నూకాలు డబ్బా మూతను కొంగుతో తుడిచింది. "ఊర్లో అందరూ మా ఎర్రయ్య మాట ఇనీసినారు. మా కోడలైతే, మళ్లీ మొదలెట్టావా అంటాది. ఆళ్ళదేం తప్పు, ఎన్నిసార్లింటారు? నువ్వు రోజూ కొత్తగా ఇన్నావు. పీత మాట సెప్తే నవ్వినావు. ఇప్పుడేటి సేస్తన్నాడు మీ అబ్బాయి అని అడిగినావు. నువ్వు అలగ అడిగీదాకా నా గుంటడు బతికే ఉండీవోడమ్మా. నీ మొకంలో కనిపించీవోడు. నేను సెప్పాకే పోయీవోడు. రోజూ కాసేపు ఉండీవోడు."

వకుళ చేతిలోని పత్రాన్ని ఒళ్లోకి దించుకుంది. ఇప్పుడు తను ఆ ప్రశ్న మళ్లీ అడిగినా అది అబద్ధమే అవుతుంది.

"రేపా కుర్సీలో కొత్తోలెవులైనా కూకుంతారా?" అని అడిగింది నూకాలు.

"కూర్చుంటారు. కానీ మీ పని తేలిపోయింది కదా పెద్దమ్మా. ఇంక లోపలికి పంపరు."

నూకాలు పత్రాన్ని అప్పుడు చేతిలోకి తీసుకుంది. దాని మీద ముద్రించిన పీతను వేలితో ఒకసారి తడిమింది. తర్వాత దాన్ని మడత పడకుండా జాగ్రత్తగా వకుళ ఒళ్లో పెట్టింది.

"అయితే నాకొద్దమ్మా. రొయ్యపప్పు గంపలో పోసి అమ్ముకుంతాను. ఇంకా తేలనేదని రాసెయ్యి తల్లీ, నీకు పున్నెముంతాది."

వకుళ పత్రం వైపు చూసింది. ఉత్తర్వును రద్దు చేయగలది దాన్ని రాసిన ఆమె సంతకం ఒక్కటే. అది ఉదయమే చెల్లకుండా పోయింది.