జయకుమారి వేసిన ఒట్టు

మధ్యాహ్నం బెల్లు కొట్టారు. పిల్లలంతా క్యారేజీలు తీసుకుని అరుగు మీదికి పరిగెత్తారు. ఆరో తరగతి జయకుమారి మాత్రం నీళ్ళ కుండ దగ్గర బిగుసుకుపోయి నిలబడింది.

తన క్లాసు తోమా చేసిన పని ఇప్పుడే కళ్ళారా చూసింది. ఒకటో తరగతి పిల్లాడు బుడే నీళ్ళకని గ్లాసు చాపితే, తోమా వాణ్ణి పక్కకి నెట్టేశాడు. “పోరా, నీకు ఓటే లేదు,” అన్నాడు. వెనకే వచ్చిన నజీరా బుడేకి నీళ్ళు ముంచి ఇచ్చింది.

స్కూలు లీడరు ఎన్నిక ఈ పూటే. మూడో తరగతి నుంచి పైవాళ్ళకే ఓట్లు. పోటీలో ఉన్నది తోమా, నజీరా ఇద్దరే.

నజీరాకే వెయ్యాలని ఉంది జయకుమారికి. కానీ ఎలా? నిన్ననే తోమాకి ఓటేస్తానని ఒట్టు వేసేసిందిగా. అదీ మామూలు ఒట్టా, అమ్మ మీద ఒట్టు. తను గెలిస్తే రోజూ బెల్లు కొట్టే పని నీకే ఇస్తానన్నాడు వాడు. ఆ బెల్లు మీద ఆశకొద్దీ ఒట్టు పెట్టేసింది పిచ్చిపిల్ల. ఒట్టు తప్పితే అమ్మ చచ్చిపోతుందని ఆ బళ్ళో ఎవర్ని అడిగినా చెబుతారు.

అమ్మ ఎలీసమ్మ బడి పక్క కల్లంలోనే కూలికి మిరపకాయలు ఏరుతోంది. జయకుమారి పరిగెత్తుకెళ్ళేసరికి ఆగకుండా దగ్గుతోంది. జయకుమారి, తను మనసు మార్చుకున్నందుకే అప్పుడే మొదలైందనుకుంది.

“అమ్మా, నువ్వు చచ్చిపోతావా?” అని బావురుమంది.

“ఏమైందే నీకు? ఘాటుకి దగ్గొచ్చింది, అంతే.”

జయకుమారి ఏడుస్తూనే ఒట్టు సంగతి చెప్పింది. ఎలీసమ్మ కోప్పడలేదు. కూతుర్ని దగ్గరికి తీసుకోబోయి, కారం చేతులని ఆగింది.

“ఎనభై ఒకటిలో సర్పంచికి నిలబడ్డాయన నా చేత కూడా బైబిలు మీద చెయ్యి వేయించాడే. భయపడి ఆయనకే గుద్దాను. మన పేటకి పంపు వేయించాడా?”

“లేదు.”

“చేసింది చెప్పుకోడానికి ఏమీ లేనోళ్ళే ఒట్లు వేయించుకుంటారు. నేనేం చావనులే. నీ కళ్ళతో చూశావుగా, దాన్నిబట్టి వెయ్యి.”

అన్నాలయ్యాక మాస్టారు చీటీలు పంచారు. వెనక బెంచీలోంచి తోమా ముందుకు వంగాడు.

“మీ అమ్మ గుర్తుందిగా,” అని గొణిగాడు.

జయకుమారికి అమ్మ చెప్పినా భయం పోలేదు. అంత తేలిగ్గా ఎలా పోతుంది? పెన్సిలు రెండుసార్లు చేతిలోంచి జారింది. మూడోసారి గట్టిగా పట్టుకుని ‘నజీరా’ అని రాసింది. చీటీ మడిచి డబ్బాలో వేసింది.

తిరిగొస్తూ తోమా ముందు ఆగింది.

“నీకు వెయ్యలేదు తోమా. ఇంకెవర్నీ ఒట్లు అడక్కు. రేపట్నుంచి చిన్నపిల్లలకి నీళ్ళు ముంచివ్వు. వచ్చే ఏడు చూద్దాం,” అంది.