ఆరు నిమిషాల నాయనమ్మ

ఆ అమ్మాయి తలుపు తట్టింది, తీసేలోపు రెండడుగులు వెనక్కి వేసింది, తీశాక "తప్పు ఇంటికి వచ్చానేమో" అంది.

"భయపడి వచ్చేవాళ్లందరూ ఇదే మాటంటారు. సరైన ఇంటికే వచ్చారు, కూర్చోండి" అంది భూతద్దం.

ఆమె అసలు పేరు ఇంటి పన్ను రసీదు మీద తప్ప ఎక్కడా కనిపించదు. ఇరవై ఏళ్లు బీమా ఆఫీసులో దొంగ క్లెయిములు పట్టుకుని, పైవాళ్ల కంట్లో నలుసై, ఆ ఉద్యోగం వదిలేసి సొంతంగా పరిశోధన మొదలుపెట్టిన మనిషి. ఊరందరికీ భూతద్దమే. ఆమె వెంట నోటుపుస్తకంతో తిరిగేది సొంత తమ్ముడు, రిటైరైన డ్రాయింగు మాస్టారు. అక్క కళ్లకు కనిపించేది తన కళ్లకు ఎందుకు కనిపించదో తెలియక ఆయన చిన్నప్పటినుంచీ ఆశ్చర్యపోతూనే ఉన్నాడు.

"నాకు పెళ్లయి రెండు నెలలైందండీ" అంది ఆ అమ్మాయి. "పెళ్లయిన పదో రోజున మా నాయనమ్మ పోయింది. నన్ను పెంచింది ఆవిడే. పెళ్లి వీడియోలో ఆవిడ మాట్లాడిన ముక్క లేదు. ఎవరో తీసేశారు."

"మాట్లాడిందని మీకెలా తెలుసు?"

"కళ్లారా చూశాను. వీడియోగ్రాఫర్ 'పెద్దల మాట' అని పక్క గదిలో కెమెరా పెట్టి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టాడు. ఎదురుగా మనిషి ఉంటే పెద్దవాళ్లకి నోరు పెగలదని, కెమెరా ఆన్ చేసి తను బయటికొచ్చేస్తాడు. నాయనమ్మ వంతప్పుడు తలుపు అద్దంలోంచి చూశాను. ఒక్కతే కూర్చుని, చేతులు జోడించి ఏడుస్తోంది. ఏమందో వినిపించలేదు."

"ఏమని ఉంటుందని మీ భయం?"

ఆ అమ్మాయి కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "ఈ అబ్బాయిని నేను కోరి చేసుకున్నాను. నాయనమ్మ అవునని గానీ కాదని గానీ అనలేదు. నా పెళ్లిని శపించిందేమో, నేను వినకూడదని ఇంట్లోవాళ్లు దాచారేమో. ఆ ముక్క ఏమైందని అమ్మని అడిగితే పిచ్చి ఊహలు మానెయ్ అంటుంది, నా భయం తనకి చెప్పలేదు. ఆదివారం మేమిద్దరం వేరే ఊళ్లో కాపురానికి వెళ్లిపోతున్నాం. ఆ మాటేంటో తెలియకుండా మా ఆయన మొహం చూసి నవ్వలేకపోతున్నానండీ."

తమ్ముడు పుస్తకంలో 'శాపం?' అని రాసుకున్నాడు. భూతద్దం ఆయన చేతిలోంచి పెన్ను లాక్కుని ఆ మాట కొట్టేసింది.

ఆ సాయంత్రమే ముగ్గురూ అమ్మాయి పుట్టింటికి వెళ్లారు. తలుపు తీసింది బాబాయి. అమ్మాయి తండ్రి ఆమె చిన్నప్పుడే పోతే, తను పెళ్లి మాట తలపెట్టకుండా ఆ ఇంటిని మోసిన మనిషి. అందరూ లోపలికి రాగానే గడియ వేశాడు, లాగి చూశాడు, రెండడుగులు నడిచి వెనక్కొచ్చి మళ్లీ లాగి చూశాడు.

వచ్చిన పని చెప్పగానే ఆయన కుర్చీలోంచి లేచాడు. "నేనూ అదే కదండీ మొత్తుకుంటున్నాను! తొంభై నిమిషాల సినిమాకి మాట్లాడుకున్నాం. వచ్చింది ఎనభై నాలుగు. ఆరు నిమిషాలు మింగేశాడు."

"వాణ్ణి ఎలా కుదుర్చుకున్నారు?"

అంతకంటే ఇష్టమైన ప్రశ్న ఆయనకు ఇంకొకటి లేదు. బల్ల మీద మూడు కొటేషన్లు పరిచాడు. "మొదటివాడు ఆకాశంలో ఉన్నాడు. మూడోవాడి ధర చూస్తే అసలు కెమెరా ఉందా అని అనుమానమొచ్చింది. మధ్యవాణ్ణి పట్టుకుని బేరం పెట్టాను. డ్రోన్ కొట్టేశాను. పైనుంచి చూస్తే మా బట్టతలలు తప్ప ఏం కనిపిస్తాయి? రెండో కెమెరా కొట్టేశాను. ఒక్క పెళ్లికి రెండు కెమెరాలెందుకు? చివర్లో చూడండి, 'మొత్తం ఫుటేజీ'. తీసిందంతా డిస్కులో వేసి ఇస్తాడట, దానికి వేరే డబ్బు. వండింది తిన్నాక తొక్కలతో మనకేం పని? అదీ కొట్టేశాను."

"మరి 'పెద్దల మాట' ఉంచారే?"

"అది ఉచితం. ఉచితంగా వచ్చేదాన్ని కొట్టేయడానికి నాకేమన్నా పిచ్చా?"

కిటికీ దగ్గర కుట్టుమిషను ముందు కూర్చున్న తల్లి తలెత్తకుండానే నవ్వింది. చుట్టుపక్కల నాలుగు వీధుల బట్టలు కుట్టేది ఆమే. దారం అయిపోతే, నొక్కుడు బొత్తాం ఉన్న చిన్న నీలం మఖమలు సంచి తెరిచి కొత్త బాబిన్ తీసుకుంది. భూతద్దం సంచి బాగుందని మెచ్చుకుంది.

"మా వదిన చేతికొచ్చిన సంచి, డబ్బా ఇక ఇల్లు దాటవండీ" అన్నాడు బాబాయి. "నేను గడియ వేయడం మర్చిపోతే తప్ప!"

అమ్మాయి ఫక్కున నవ్వింది. మిషను మాత్రం ఆగిపోయింది.

"ఆ మాట ఇక ఆపండి, మరిదిగారూ" అంది తల్లి. కాసేపటికి మిషను మళ్లీ నడిచింది.

వీధిలోకి వచ్చాక భూతద్దం అడిగింది, ఆ గడియ సంగతేమిటని. "నా పసితనంలో అమ్మ మొదటి కుట్టుమిషను పోయిందండీ" అంది అమ్మాయి. " మధ్యాహ్నం పూట దొంగలు పడ్డారట. గడియ వేయనిది బాబాయేనని నాయనమ్మ చెప్పింది. ఇరవై ఏళ్లుగా ఆయన్ని దెప్పుతూనే ఉన్నాం. ఆ మాట ముందుగా ఎత్తేది ఎప్పుడూ అమ్మే. ఇవాళేంటో కోప్పడింది."

మర్నాడు పొద్దున్నే అక్కాతమ్ముళ్లు స్టూడియోకి వెళ్లారు. మేడ మీద ఇరుకు గది. గోడకంతా గూళ్లు, ఒక్కో గూటికి ఒక్కో పెళ్లి తారీఖు, లోపల ఒక డిస్కు. మధ్యలో, రెండు నెలల కిందటి తారీఖున్న గూడు ఒకటి ఖాళీగా ఉంది. పక్కన అట్ట మీద రాసి ఉంది: 'ఒరిజినల్ ఫుటేజీ మూడు నెలలు భద్రపరుస్తాం. ఫుటేజీ కొన్నవారికి డిస్కు అప్పగించి, మా కాపీ తుడిచేస్తాం.' వీడియోగ్రాఫర్ ఫుటేజీ కొన్న ఒకాయనకి డిస్కు అందజేస్తున్నాడు. దాన్ని నీలం మఖమలు సంచిలో పెట్టి, బొత్తాం నొక్కి, రెండు చేతులతో ఇచ్చి పంపాడు. ఆ తర్వాత వీళ్ల వైపు తిరిగాడు.

అమ్మాయి పెళ్లి తారీఖు చెప్పి, "వాళ్ల నాయనమ్మగారిని షూట్ చేశారా?" అంది భూతద్దం.

"సినిమాలో ఆవిడ భాగం లేదండీ."

"అది నాకు తెలుసు. చేశారా అని అడిగాను."

"ప్యాకేజీలో ఒప్పుకున్నవన్నీ ఆ ఇంటికి ఇచ్చేశాను మేడం."

"ఆరు నిమిషాలు తక్కువిచ్చారట."

అతని మొహం ఎర్రబడింది. "ఆరు నిమిషాలు నింపడం నాకో పనా అండీ? భోజనాల దగ్గరే నలభై నిమిషాలుంది. నేను దొంగని కాదు. ఇంతకంటే అడక్కండి, మాటిచ్చాను."

"ఎవరికిచ్చారో అడగను. రేపు మధ్యాహ్నం ఆ ఇంటికి రండి, చాలు" అంది భూతద్దం.

మెట్లు దిగుతూ తమ్ముడు గొణిగాడు. "నాకేం అర్థం కాలేదక్కా."

"నీ పుస్తకంలో అన్నీ ఉన్నాయిరా. చదువుకో."

ఆయన రాత్రి పడుకునేదాకా చదివాడు. ఏమీ తేలలేదు.

శనివారం మధ్యాహ్నం ఆ ముందుగదిలో అందరూ కూర్చున్నారు. అమ్మాయి, పక్కన ఆమె భర్త, బాబాయి, వీడియోగ్రాఫర్. తల్లి తన మిషను దగ్గరే ఉంది.

"ముందు బాబాయిగారిని వదిలేద్దాం" అంది భూతద్దం. "ఆరు నిమిషాలు తీయించినవాడు ఆరు నిమిషాలు తగ్గాయని ఊరంతా చాటుకోడు. వీడియోగ్రాఫర్‌నీ వదిలేద్దాం. తప్పు చేసినవాడైతే భోజనాల షాట్లు కలిపి తొంభై చేసేవాడు, ఎవరూ పట్టుకోలేకపోయేవారు. పైగా ఈయన నాతో ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. షూట్ చేయలేదని ఒక్కసారీ అనలేదు."

వీడియోగ్రాఫర్ తల వంచుకున్నాడు.

"పెళ్లయి రెండు నెలలే. డిస్కు మూడు నెలలు గూట్లో ఉండాలి. ఈ పెళ్లి తారీఖున్న గూడు ఖాళీగా ఉంది. అంటే బాబాయిగారు కొట్టేసిన 'మొత్తం ఫుటేజీ'ని ఈ ఇంట్లోనే ఇంకెవరో కొనుక్కున్నారు. కొన్నవాళ్లకి డిస్కుతోపాటు ఒక నీలం సంచి వస్తుంది. తెలివైన దొంగ ఎవరైనా ఆ సంచి పారేసేవారు. కానీ ఈ ఇంట్లో సంచి పారేయడం ఎవరికీ చేతకాదు."

అందరి చూపులూ మిషను మీదికి వెళ్లాయి. నీలం సంచి అక్కడే ఉంది, బాబిన్లతో ఉబ్బి.

"అమ్మా!" అంది అమ్మాయి. "అంత చెడ్డ మాటా? నన్ను శపించిందా?"

"శపించలేదమ్మా" అంది భూతద్దం. "చేతులు జోడించి ఎవరూ శపించరు. క్షమించమని అడుగుతారు. అయితే తను పెంచిన మనవరాలికి పెద్దావిడ చేతులు జోడించదు. మరెవరికి? ఇరవై ఏళ్లుగా గడియ పేరు చెప్పి మరిదిని ఏడిపించిన మనిషి, మొన్న ఆ మాట వినగానే మిషను ఆపేసింది. ఆవిడకి కొత్తగా ఏదో తెలిసింది. నేను చెప్పగలిగింది ఇంతవరకే. మిగతాది చెప్పాలో వద్దో ఆవిడ ఇష్టం."

తల్లి మిషను సొరుగు లాగి, గుడ్డముక్కల కిందనుంచి డిస్కు తీసింది.

"సరిచూసుకోమని పంపిన మొదటి కాపీ వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ లేరు. నేనొక్కదాన్నే చూశాను" అంది. "పోయిన మనిషి. బంధువులంతా చూసే సినిమా. ఆవిణ్ణి నలుగురి నోళ్లలో వేయడం నావల్ల కాలేదు. కొంచెం ఉంచి కొంచెం కత్తిరిస్తానన్నాడు ఈ అబ్బాయి. ఆవిడ మాటని ముక్కలు చేయబుద్ధి కాలేదు. మొత్తం తీసెయ్, కానీ ఆవిడ చోట్లో ఇంకెవరినీ పెట్టకు అన్నాను."

"అందుకే నింపలేదండీ" అన్నాడు వీడియోగ్రాఫర్ మెల్లగా.

"దీని భయం ఇదని నాకు తెలీదు. మరిదిగారి సంగతి మాత్రం తెలుసు. తెలిసీ ఊరుకున్నాను, అదే నన్ను తినేస్తోంది." ఆమె డిస్కు తెచ్చి అల్లుడి చేతిలో పెట్టింది. "పెట్టు బాబూ."

టీవీలో ముసలావిడ కుర్చీ అంచున కూర్చుని ఉంది. తలుపు మూసిన చప్పుడయ్యేదాకా ఆగింది.

"కోడలా, మనిషి ఎదురుగా ఉంటే చెప్పలేను, ఈ పెట్టెతో చెబుతున్నా. నీ మిషను దొంగలెత్తుకుపోలేదు. నేనే అమ్మేశాను. కొడుకు పోయి ఆర్నెల్లు. నీ చేతిలో సంపాదన పడితే పిల్లని చంకనేసుకుని పుట్టింటికి వెళ్లిపోతావని భయమేసింది. గడియ వేయలేదని చిన్నాడి మీదికి తోశాను. వాడు వెర్రిబాగులోడు, నిజంగానే వేయలేదేమో అనుకున్నాడు." అప్పుడు చేతులు జోడించింది. చాలాసేపు ఏడ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని మళ్లీ అంది. "ఇవాళ దాని పెళ్లి బట్టలు నువ్వు కుట్టినవే. ఒక్క కుట్టుకైనా వంక పెడదామని వెతికాను. దొరకలేదు. ఇప్పుడు పిల్ల నిజంగానే వెళ్లిపోతోంది. ఈసారి నాకు భయం లేదు. ఆ కుర్రాడు పొద్దున నా చెప్పులు వెతికి తెచ్చి కాళ్ల దగ్గర పెట్టాడు, ఎవరూ చూడట్లేదనుకుని. చాలు. చల్లగా ఉంటారు."

అమ్మాయి భర్త భుజం మీద తల పెట్టి ఏడ్చింది, మధ్యలో నవ్వింది కూడా. "చెప్పుల సంగతి నాకు చెప్పనేలేదే!" అంది. అతను సిగ్గుపడి టీవీ ఆపడానికి లేచాడు.

బాబాయి మాత్రం కదల్లేదు. "అయితే నేను గడియ వేశానన్నమాట" అన్నాడు చివరికి.

"వేశారు, మరిదిగారూ" అంది తల్లి.

ఆయన తల ఊపాడు. ఇంకో రెండుసార్లు ఊపాడు. తర్వాత లేచి, అక్కాతమ్ముళ్లను సాగనంపడానికి గుమ్మం దాకా వచ్చాడు. దండం పెట్టి తలుపు దగ్గరగా వేశాడు.

తమ్ముడు రెండో మెట్టు మీద ఆగి, చెవి రిక్కించాడు. లోపల అడుగుల చప్పుడు దూరమై, కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది.

"గడియ పడలేదక్కా" అన్నాడు.

"అదైనా నీకే ముందు తెలిసింది. రాసుకో" అంది భూతద్దం, మెట్లు దిగుతూ.