తొమ్మిది గంటల త్రీఫేజ్

పొద్దున ఏడుంబావు. కర్నూలులో జోడెద్దు సాఫ్ట్‌వేర్ కంపెనీ మెట్ల మీద టీ తాగుతున్న చీఫ్ ఇంజనీర్ రంగనాథ్ నుదుట బుల్లెట్ దిగింది. గ్లాసు కిందపడేలోపే ఆయన మెడలోని పెన్‌డ్రైవ్ మాయం!

ఎనిమిదికి ఏజెంట్ బసవరాజుకు ఫోన్. అవతల సీక్రెట్ సర్వీస్ చీఫ్ ఉరుకుందమ్మ.

"మిరపకాయ ఎర్రగుండాది."

"బజ్జీ కాలుతాండాది, మేడం."

"కోడ్ సరిపోయింది, విను. జోడెద్దు టూల్‌తో ఒక్కసారి కోడ్ రాస్తే ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండిట్లో యాప్ నడుస్తాది. బ్యాంకు, ఆసుపత్రి, అంబులెన్సు, శానా యాప్‌లు దాంతో చేసినవే. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉండేది కంపెనీ డిజిటల్ సంతకం, అది చూస్తే ఏ అప్‌డేట్‌నైనా ఫోన్లు అసలుదే అని నమ్ముతాయి. దాంతో విక్టర్ ముఠా తొమ్మిదికి దొంగ అప్‌డేట్ వదుల్తాది. నాలుగు కోట్ల ఫోన్లు వాళ్ల చేతికి పోతాయి."

"యాడుండారు?"

"కోడుమూరు కాడ, బోరు షెడ్డులో. కంపెనీ సేల్స్ మేనేజర్ శివజ్యోతి గూడా ఆడే ఉండాది. మన ఏజెంటే అనుకుంటి. రెండు దినాలుగా ఫోన్ ఎత్తల్యా."

బసవరాజు మోటారు మెకానిక్ వేషం కట్టాడు. ఖాకీ చొక్కా, చేతిలో మూరెడు పానా, పానా పిడిలో దాచిన తుపాకీ గొట్టం, అందులో ఒకే ఒక్క తూటా. బైకు ఎంత వేగంగా పోయిందంటే, దాని నీడ కోడుమూరుకు ఐదు నిమిషాలు ఆలస్యంగా చేరింది.

షెడ్డు ముందు కాపలావాళ్లిద్దరూ తుపాకులెత్తారు. పానా దెబ్బకు ఒకడి దవడ పగిలి పళ్లు ఉల్లి మళ్లో పడ్డాయి. తూటా రెండోవాడి గుండెలో దిగింది.

షెడ్డు వెనక, ఎండిన సిమెంటు తొట్టిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు విక్టర్. వెనక బోరు పైపు నోరు తెరుచుకుని ఉంది. పక్కన నల్ల కళ్లద్దాలు, ఎర్ర పట్టుచీరలో శివజ్యోతి. విక్టర్ పిస్తోలు బసవరాజు నుదుటికి గురిపెట్టాడు.

"పానా ఇట్లా ఇయ్యప్పా," అంది శివజ్యోతి చెయ్యి చాచి.

"ఎన్నేండ్లు రంగనాథ్ పక్కన కూర్చుని టీ తాగితివమ్మా! సిగ్గు లేదా?"

"వాగొద్దు. ఇయ్యి."

ఇచ్చాడు. విక్టర్ బూటుతో పక్కలో తన్నాడు. ఎముక ఫటేలుమంది.

"ఒక్క నిమిషంలో మీ దేశం నా జేబులో," అన్నాడు విక్టర్. స్క్రీన్ మీద తొంభై ఏడు శాతం. తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది...

టక్!

షెడ్డులో ఆటో స్టార్టర్ కొట్టుకుంది. పొలాల మోటార్లకు తొమ్మిదికి ఇవ్వాల్సిన త్రీఫేజ్ కరెంటు సరిగ్గా తొమ్మిదికే వచ్చింది. వచ్చిన క్షణమే మోటారు తనంతట తాను తిరగాలని రైతులు స్విచ్ వేసే ఉంచి పోతారు. విక్టర్ చదివిన ఏ ఫైల్లోనూ ఈ సంగతి లేదు.

బోరు నీళ్లు ఎగిరి తన్నాయి. ల్యాప్‌టాప్ గుడ్లు తేలేసింది. విక్టర్ తుళ్లిపడ్డాడు, పిస్తోలు పక్కకు పేలింది. మరుక్షణం శివజ్యోతి చేతిలోని పానా వాడి తల పగలగొట్టింది. తొట్టి నీళ్లు ఎర్రగా ఉల్లి మళ్లోకి పారాయి.

"ఇది మా నాయన బోరన్నా," అంది శివజ్యోతి, శవం మెడలోని పెన్‌డ్రైవ్ తెంపుతూ. "సిగ్నల్ ఈ తొట్లోనే దొరుకుతాదని ఈన్ని కూర్చోబెట్టింది నేనే. ముగ్గురి మధ్యన ఒక్కదాన్ని, ఫోన్ గూడా ఎత్తేకి కాకపాయ. ఇంగేం చేద్దును?"

బసవరాజు ఫోన్ మోగింది. ఉరుకుందమ్మ.

"దేశాన్ని ఎవురు కాపాడినారు, బసవా?"

బసవరాజు విరిగిన పక్కటెముక పట్టుకుని నవ్వాడు.

"లైన్‌మ్యాన్, మేడం. నాకు బుద్ధి తెలిసినాక కరెంటు టైముకు రావడం ఇదే మొదులు."